వాసన లేని గది

చదివేవారు ముందుగా నన్ను మన్నించాలి. నేను అక్షరాలు దిద్దింది మా ఆయన పోయాక, యాభై దాటాక. ఒకచోట ఉండవలసిన ఒత్తులు ఇంకోచోట పడుతుంటాయి. ఒక పేజీ నింపడానికి నాకు రెండు పూటలు పడుతుంది. స్ప్రే డబ్బాలు నింపే కంపెనీలో చాలాకాలం మూతలు బిగించాను గనుక ఆ గదులూ ఆ గొట్టాలూ మాత్రం తప్పు పోలేదనుకుంటాను. నేను రాస్తున్న నవలలో ఇది ఏడో అధ్యాయం. ముందువి చదవకపోయినా ఇబ్బంది లేదు, కావలసిందంతా ఇక్కడే దొరుకుతుంది.

*

"మూడున్నరకి జీపు ఎక్కిస్తాను, వదినా. నాలుగింటికి జడ్జిగారి ముందు నిలబెడతాను. ఈలోగా మీరేం అడగాలో అడిగేసుకోండి."

ఇన్‌స్పెక్టర్ ఈ మాట అంటూ గోడ గడియారం వైపు చెయ్యి చూపించాడు. రెండు దాటింది.

ఆయన, ఎదురుగా ఉన్న డిటెక్టివ్ ఆవిడకి చెల్లెలి మొగుడు. ఇంటికొస్తే వదినగారి ఎదుట కాలు మీద కాలు వేసుకోడు. యూనిఫాం తొడుక్కుంటే మాత్రం ఆవిడని చూడగానే ఒళ్ళు మండుతుంది. తను మూసేసిన రెండు కేసుల్ని ఆవిడ మళ్ళీ తెరిపించింది మరి. ఆ డిటెక్టివ్‌కి 'కూపీ వదిన' అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఎగతాళికి పెట్టిన పేరు ఊరంతా పాకింది. ఇప్పుడు ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

"ఈ పిల్ల తల్లి గేటు బయట ఎండలో నిలబడి ఉంది. లోపల నీడన కూర్చోబెట్టకూడదా?" అంది కూపీ వదిన.

"ఆ తల్లే కదా మిమ్మల్ని నా మీదికి తోలింది. కాసేపు ఎండ తగిలితే తప్పులేదు."

కంపెనీ గేటు పక్కన సెక్యూరిటీ గది అది. స్టూలు మీద ఒక ఇంజనీరు అమ్మాయి కూర్చుని ఉంది. పక్కన ఆమె మణికట్టు పట్టుకుని ఒక లేడీ కానిస్టేబులు. అమ్మాయి కళ్ళు వాచిపోయి ఉన్నాయి గానీ ఏడవడం లేదు.

జరిగింది ఇదీ. ఈ కంపెనీలో సెంట్లు, జుట్టుకి కొట్టుకునే స్ప్రేలు, కార్లు తుడుచుకునే పాలిషులు డబ్బాల్లో నింపుతారు. డబ్బాలోంచి మందుని బయటికి తోసేది వంటింట్లో మనం వాడే గ్యాసే. వంటగ్యాసు కారితే తెలియాలని దానికి కావాలనే కంపు కలుపుతారు. సెంటు డబ్బాకి ఆ కంపు పనికిరాదు. కాబట్టి ఇక్కడికి కంపు కలపని గ్యాసు వస్తుంది. అది గదినిండా నిండినా మనిషి ముక్కుకి తెలియదు. అందుకే గోడలకి గ్యాస్ డిటెక్టర్లు తగిలించారు. వాటికి వైర్లుండవు. బ్యాటరీతో బతుకుతూ, తమ సంగతి రేడియోలో కంట్రోల్ రూముకి చెప్పుకుంటాయి. అంతా బాగుంటే ఒంటి మీద పచ్చ లైటు వెలుగుతుంది, గ్యాసు తగిలితే కీచుమని అరుస్తాయి. పనివాళ్ళు వాటిని పిట్టలంటారు.

వైరు లేదు గనుక పిట్టని ఎక్కడైనా తగిలించవచ్చు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఎక్కడ తగిలించాలో తేల్చింది ఈ అమ్మాయి. మూడు రోజుల కిందట పంపు గదిలో గ్యాసు కారింది. పిట్ట అరవలేదు. కంట్రోల్ రూము బోర్డు మీద పచ్చగా ఉందని పంపు మెకానిక్ ఇనుము అరగదీసే మామూలు గ్రైండరు పట్టుకుని లోపలికి వెళ్ళాడు. గ్రైండరు తిరిగింది, గది గుప్పుమంది. మెకానిక్ ఆసుపత్రికి చేరకుండానే పోయాడు. కంపెనీలో అందరూ ఆయన్ని బాబాయ్ అనేవాళ్ళు.

కూపీ వదిన కుర్చీ లాక్కుని అమ్మాయికి ఎదురుగా కూర్చుంది.

"మొదటి ప్లానులో పంపు గది పిట్టని ఎక్కడ గీశావు?"

"పంపు పక్కన గోడకి, మేడం."

"చివరికి ఎక్కడ పెట్టావు?"

"తలుపు దగ్గర స్తంభానికి."

"ఎందుకు మార్చావు?"

"పంపు పక్కన సిగ్నల్ అందలేదు. మధ్యలో ఇనుప ట్యాంకు అడ్డం."

ఇన్‌స్పెక్టర్ తొడ చరుచుకున్నాడు. "విన్నారా! నేను నోరు విప్పక్కర్లేకుండా మీ మనిషే చెప్పేసింది. సిగ్నల్ కోసం పిట్టని జరిపింది, బాబాయ్‌ని బలిపెట్టింది. రాసుకోండమ్మా కానిస్టేబులూ."

"కాస్త ఆగు మరిదీ. పెన్ను ఎక్కడికీ పారిపోదు." ఆవిడ అమ్మాయి మొహంలోంచి చూపు తిప్పలేదు. "ఆ స్తంభం దగ్గర సిగ్నల్ ఎన్ని గీతలు వచ్చింది?"

"మోకాలి కింద రెండే. తలుపు పైన పెడితే అయిదూ వచ్చేవి."

"మరి పైన పెట్టలేదేం?"

"ఈ గ్యాసు గాలికన్నా బరువు. నేల మీద నీళ్ళలా పరుచుకుంటుంది. పైన పెడితే అది అరిచేసరికి గది నడుము లోతు మునిగిపోతుంది."

"ఒప్పుకున్నాను. కింద పెట్టావు, బాగుంది. తలుపు దగ్గరే ఎందుకు? పంపుకి దూరం కదా?"

"గాలి అటే లాగుతుంది మేడం. తలుపు పక్కన నేల బారున ఫ్యాను ఉంది. పంపు ఏ మూల కారినా ఆ గ్యాసు స్తంభాన్ని ఒరుసుకునే పోవాలి. నేను రెండు రోజులు ఆ గదిలో కూర్చుని చూశాకే అక్కడ బిగించాను. 'ఇల్లు కొనుక్కునేవాళ్ళు కూడా ఇంత చూసుకోరే అమ్మాయ్' అని బాబాయ్ నవ్వేవాడు."

కానిస్టేబులు తెలియకుండానే ఆమె మణికట్టు మీద పట్టు సడలించింది.

"కథలు బాగున్నాయి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "జడ్జిగారు కథలు వినరు."

"అయితే గది చూద్దాం పద. గదులు కథలు చెప్పవు," అంటూ కూపీ వదిన లేచింది.

*

పంపు గది గుమ్మం దగ్గరికి చేరేసరికి ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి. లోపల మోటారు హోరు.

"ఏమిటిది? పంపు నడుస్తోందా?"

"కాలింది ఒకటో పంపు. ఇది రెండోది." ఇన్‌స్పెక్టర్ మెడ నిగిడించాడు. "ఫోటోలు తీశాం, కొలతలు తీశాం. పొద్దున నేనే పర్మిషన్ ఇచ్చాను. ఎనభైమంది ఆడవాళ్ళు పనిలేక గేటు ముందు కూర్చుంటే బాగుంటుందా?"

"మనిషి పోయిన గది ఇన్‌స్పెక్టర్‌గారూ."

వదిన నోట 'గారూ' వచ్చిందంటే కోపం తలకెక్కిందని అతనికి తెలుసు. అయినా తగ్గలేదు.

"ఆ గారూ మారూ వద్దు గానీ అటు చూడండి. పిట్ట ఎక్కడుండాలో అక్కడ పెట్టించాను. హాల్లోంచి ఒకటి ఊడదీయించి, రెండో పంపు పక్కనే తగిలించి, గుమ్మం దగ్గర ఒక రేడియో డబ్బా పెట్టించాను. సిగ్నల్ ఖణేల్‌మని వస్తోంది. పెద్ద చదువులు చదివి ఆ పిల్ల చేయలేనిది నేను అరగంటలో చేయించాను. లైటు చూడండి, పచ్చగా మిలమిలలాడుతోంది."

మేనేజరు అప్పటికే గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ఫోను. "రండి మేడం, రండి. మొత్తం మీ ఇష్టం వచ్చినట్టు చూసుకోండి. మా దగ్గర దాచేదేమీ లేదు," అని పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు.

ఇద్దరూ లోపలికి నడిచారు. మేనేజరు ఫోను చెవికి ఆనించుకుని గుమ్మంలోనే ఉండిపోయాడు.

కూపీ వదిన కాలిన పంపు దగ్గర గొంతుక్కూర్చుంది. తలెత్తి పైన చూడలేదు. పైన అంతా మామూలుగానే ఉంది, గోడ సున్నం తెల్లగా ఉంది. నల్లబడిందంతా కిందే. పంపు దిమ్మ దగ్గర మొదలై నేల వెంట ఒక నల్లని చార సాగింది. గొట్టాల కాళ్ళకి రంగు పొంగి పొక్కులు లేచింది, అదీ చీలమండ ఎత్తు వరకే. ఆవిడ గొంతుక్కూర్చునే బాతులా ఆ చార వెంట జరుగుతూ పోయింది. ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపుకున్నాడు. చార పంపు నుంచి ట్యాంకుని చుట్టి, తలుపు వైపు తిరిగి, స్తంభం మీదుగా ఫ్యాను దాకా పోయింది.

స్తంభానికి పాత పిట్ట ఇంకా అలాగే ఉంది. దాని అడుగు కాలి కరిగిపోయింది. తల భాగం చెక్కు చెదరలేదు.

ఆవిడ సంచీలోంచి చిన్న పౌడరు డబ్బా తీసి చిటికెడు పౌడరు కాలిన పంపు పక్కన నేలకి బెత్తెడు ఎత్తులో జార విడిచింది. పౌడరు కింద పడలేదు. సన్నని పొగలా నేల బారున సాగి, ట్యాంకు చుట్టూ తిరిగి, స్తంభం దగ్గర పిట్ట మూతికి రాసుకుంటూ ఫ్యానులోకి పోయింది.

"చూశావా మరిదీ?"

"చూశాను."

"గ్యాసు ఇదే దారిన పోయింది. అది ఉన్న మేరకే మంట పరుచుకుంది. అంటే మంట అంటుకోకముందే పిట్ట మూతి గ్యాసులో మునిగి ఉంది. చోటు తప్పు కాదు. ఆ పిల్ల చోటు సరిగ్గా ఎంచింది."

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం స్తంభాన్నీ పంపునీ మార్చి మార్చి చూశాడు. అతను తెలివితక్కువవాడు కాదు. నెమ్మదిగా మీసం కింద నవ్వు మొలిచింది.

"వదినా, మీకు రుణపడి ఉంటాను. నా కేసు ఇంకా గట్టిపడింది."

"ఎలా?"

"గ్యాసు పిట్ట మూతి దాకా వచ్చిందని మీరే రుజువు చేశారు. అయినా అది అరవలేదు. అంటే వస్తువు చచ్చు వస్తువు. చచ్చు వస్తువు తెచ్చి తగిలించింది ఎవరు? ఆ అమ్మాయి. నిన్నటిదాకా అజాగ్రత్త అని రాశాను. ఇప్పుడు మోసం అని కూడా కలుపుతాను. ఇంకో రెండేళ్ళు ఎక్కువ పడుతుంది."

కూపీ వదిన ఉలిక్కిపడింది. విడిపిద్దామని వచ్చి తన చేత్తో తనే ఉచ్చు బిగించింది.

గుమ్మంలోంచి మేనేజరు అందుకున్నాడు. "వస్తువు తెచ్చినప్పుడు ఎలా ఉందో మాకేం తెలుసు సార్? మా వంతు మేం చేశాం. వారం వారం పరీక్ష చేయిస్తున్నాం. లైను మేస్త్రీ సాక్షి. కావాలంటే పిలుస్తాను."

"పిలవండి," అంది కూపీ వదిన.

*

లైను మేస్త్రీ వచ్చేటప్పుడే నవ్వుతూ వచ్చాడు. బొద్దుగా ఉన్నాడు, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు, ప్యాంటు జేబు ఉబ్బెత్తుగా ఉంది. గుమ్మంలో మేనేజరుని తప్పించుకుని సూటిగా లోపలికి వచ్చేశాడు. పోలీసుని చూశాక నవ్వు సగం తగ్గింది.

"పిట్టల్ని పరీక్షించేది నువ్వేనా?"

"నేనేనండి. సోమవారం సోమవారం. ఒక్కటీ వదలనండి."

"పంపు గది పిట్టని ఎప్పుడు చూశావు?"

"మంటకి ముందు రోజేనండి. బ్రహ్మాండంగా అరిచింది. బాబాయ్ చెవులు మూసుకుని తిట్టాడు కూడా. 'దాని గొంతు నొక్కరా' అన్నాడండి." మేస్త్రీ తల దించుకున్నాడు. "పాపం."

"ఎలా పరీక్షిస్తావు?"

"ఏముందండి, దాని మూతి మీద ఒక్క కొట్టు కొడతాను. కెవ్వుమంటుంది."

"దేంతో కొడతావు?"

"డబ్బాతోనండి."

"ఏ డబ్బా?"

మేస్త్రీకి ప్రశ్న అర్థం కాలేదు. చక్కెర కొట్టువాడిని చక్కెర ఎక్కడిదని అడిగినట్టు చూశాడు. "మన డబ్బానేనండి! లైను మీద మూత వంకరపోయినవి పక్కన పడేస్తాం కదా, అమ్మకానికి పనికిరావు. వాటిల్లో ఉండేదీ అదే గ్యాసు కదండీ. ఉత్తినే పోయే బదులు ఇలా పనికొస్తాయి. ఎప్పుడు లైను మీద ఏది నడిస్తే దాంతో కొడతాను. ఈ మధ్యంతా జుట్టు మెరుపు స్ప్రే, కారు పాలిషు. ఇదిగోండి, చూపించమంటారా?"

జేబులోంచి డబ్బా తీసి రెండో పంపు పక్కనున్న పిట్ట వైపు గురిపెట్టాడు. కూపీ వదిన చప్పున అతని చెయ్యి పట్టుకుంది.

"ఇలా ఇవ్వు."

వంకర మూతని పెగలదీసి చూసింది. మూత లోపలంతా తడిగా ఉంది. వేలితో ముట్టుకుంది. వేలు నున్నగా జారింది. రుమాలుకి తుడిచింది. జారుడు పోలేదు. మళ్ళీ గట్టిగా రుద్దింది. గాజు పొర అంటుకున్నట్టు వేలి కొన మెరుస్తూనే ఉంది.

"ఒక్క ఈ పిట్ట మీదే కొట్టావా?"

"అయ్యో, అన్నిటి మీదా కొట్టానండి. ఇక్కడివీ, హాల్లోవీ. నేను పక్షపాతం చూపించే మనిషిని కాదు."

ఇన్‌స్పెక్టర్ విసుక్కున్నాడు. "టైము రెండూ ముప్పావు, వదినా. సాక్షి అరిచిందన్నాడు. పరీక్ష అయ్యింది. ఇంకేం మిగిలింది?"

చెప్పుల్లో ఆవిడ కాలి వేళ్ళకి చలి తగులుతోంది. మొదట నేల తడిగా ఉందనుకుంది. కిందికి చూసింది. నేల పొడిగానే ఉంది. చలి మాత్రం మెల్లిగా చీలమండ దాకా ఎక్కుతోంది, ఎవరో ఫ్రిజ్ తలుపు తెరిచి కాళ్ళ దగ్గర పెట్టినట్టు.

ఆవిడ చూపు నేల వెంట పాకి రెండో పంపు దగ్గర ఆగింది. ఇరుసు బయటికి వచ్చేచోట పంపు మెడ చుట్టూ తెల్లగా, గరుకుగా మంచు పేరుకుంది. మంట వేడికి ఆ బిగింపు కూడా ఉడికి ఉంటుంది. అక్కడి నుంచి గ్యాసు కారుతోంది. మోటారు హోరులో బుస వినపడలేదు. దానికి జానెడు దూరంలో ఇన్‌స్పెక్టర్ తగిలించిన పిట్ట పచ్చగా, ప్రశాంతంగా వెలుగుతోంది.

"మరిదీ," అంది ఆవిడ. గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే అతను భయపడ్డాడు. "మనం గ్యాసులో నిలబడి ఉన్నాం."

"ఏంటీ?"

"పంపు మెడ చూడు."

చూశాడు. మొహంలో రక్తం ఇంకిపోయింది. చెయ్యి దానంతటదే గోడ మీది స్విచ్చు పెట్టె వైపు లేచింది. మంటకి ఆ పెట్టె మూత పగిలి, లోపలి రాగి కనిపిస్తోంది.

"ముట్టుకోకు!"

చెయ్యి గాలిలో ఆగింది.

"స్విచ్చు వద్దు. వాకీటాకీ నొక్కకు. ఫోను తియ్యకు. మేస్త్రీ, ఆ స్క్రూడ్రైవరు జేబులోనే గట్టిగా పట్టుకో, కింద పడకూడదు. ఇద్దరూ నడవండి. పరిగెత్తితే చంపుతాను."

ఇన్‌స్పెక్టర్ బూట్లకి అడుగున ఇనుప మేకులున్నాయి. అతనికి అది ఇప్పుడే గుర్తొచ్చింది. పసిబిడ్డని నిద్రపుచ్చి మంచం దిగే తల్లిలా ఒక్కో కాలూ ఎత్తి ఒక్కో కాలూ ఆనిస్తూ నడిచాడు. గుమ్మం దాకా ఊపిరి తీసుకున్నట్టు లేడు.

గుమ్మంలో మేనేజరు లేడు. దూరంగా, ఆఫీసు గోడ మలుపు అవతల నిలబడి తొంగిచూస్తున్నాడు.

*

"కరెంటు గదికి పరిగెత్తు మేస్త్రీ! పంపు అక్కణ్ణించి ఆపించు!" కూపీ వదిన ఇప్పుడు అరిచింది. "బయటి పెద్ద ట్యాంకు దగ్గర వాల్వు ఏది?"

ట్యాంకు నుంచి మూడు గొట్టాలు వస్తున్నాయి, మూడింటికీ చక్రాలున్నాయి. ఆ పని చూసేవాడు బాబాయ్. బాబాయ్ లేడు.

"ఆ అమ్మాయికి తెలుసు," అంది కూపీ వదిన. "చోటు ఎంచడానికి ప్రతి గొట్టం వెంటా నడిచిన పిల్ల."

ఇన్‌స్పెక్టర్ సెక్యూరిటీ గది వైపు తిరిగి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కేకేశాడు. "కానిస్టేబులూ! వదిలెయ్! ఆ అమ్మాయిని వదిలెయ్!"

అమ్మాయికి మళ్ళీ చెప్పక్కర్లేకపోయింది. చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. మధ్య చక్రం పట్టుకుని బలమంతా పెట్టి తిప్పింది. కదల్లేదు. ఇన్‌స్పెక్టర్ వచ్చి పక్కన చెయ్యి వేశాడు. జైలుకి పంపబోయినవాడూ, వెళ్ళబోయిన మనిషీ ఒకే చక్రం పట్టుకుని పళ్ళు కొరుకుతూ తిప్పారు. చక్రం కిర్రుమంది, తిరిగింది, బిగిసింది. మరుక్షణం లోపల మోటారు హోరు ఆగిపోయింది.

అమ్మాయి నడుముకి బిగించుకునే చిన్న పిట్టని పోలీసులు అంతకుముందే స్వాధీనం చేసుకుని జీపులో పెట్టారు. కూపీ వదిన దాన్ని కానిస్టేబులు చేత తెప్పించి, పొడుగాటి కర్ర చివర కట్టించి, గుమ్మం బయటి నుంచే గది నేల మీదికి చాపించింది. అది ఒక్కసారిగా గుక్కపట్టిన బిడ్డలా అరిచింది. లోపల గోడకి ఇన్‌స్పెక్టర్ తగిలించిన పిట్ట ఇంకా పచ్చగానే వెలుగుతోంది.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎందుకమ్మా?" అన్నాడు. మధ్యాహ్నం నుంచీ 'ఆ పిల్ల' అన్నవాడు అమ్మా అన్నాడు.

"మేస్త్రీ డబ్బాలతో కొట్టాడా?" అని అడిగింది అమ్మాయి. కూపీ వదిన తల ఊపింది. అమ్మాయి కళ్ళు మూసుకుంది. "జుట్టుకీ కారుకీ మెరుపు తెచ్చేది సిలికోన్ నూనె సార్. గోడ మీది పిట్ట ముక్కులో ఒక వేడి పూస ఉంటుంది. ఆ నూనె దాని మీద గాజు పొరలా కట్టేస్తుంది. డబ్బాతో మూతి మీదే కొడితే అంత గ్యాసుకి చచ్చీ చెడీ అరుస్తుంది. నేల మీద పాకి వచ్చేది దానికి తెలియదు. బ్యాటరీ బాగుంటుంది, రేడియో బాగుంటుంది, పచ్చ లైటు బాగుంటుంది. నేను పరీక్షకి వేరే సిలిండరు ఇచ్చాను. డబ్బాలు దగ్గరికే రానివ్వొద్దని చెప్పాను."

"ఎవరికి చెప్పావు?"

"మేనేజరుగారికి."

మేనేజరు అప్పుడే మలుపు దాటి వస్తున్నాడు. "చెప్పిందా? ఎప్పుడు చెప్పింది? నాకు గుర్తులేదే! చెప్పినా ఆ నూనే గీనే నాకేం అర్థమవుతాయి?"

"మీరు గదిలోకి ఎందుకు రాలేదు?" అంది కూపీ వదిన.

"ఫోను వచ్చింది."

"గోడ అవతలికి ఎందుకు పోయారు?"

"సిగ్నల్ కోసం."

"మీక్కూడా సిగ్నలేనా?" ఆవిడ అతని దగ్గరికి నడిచింది. "పిట్టలన్నీ గుడ్డివని మీకు తెలుసు. తెలిసే మమ్మల్ని లోపలికి పంపారు. బాబాయ్‌ని కూడా అలాగే పంపారు."

"అన్యాయం మాట్లాడకండి!" మేనేజరు గొంతు చీలిపోయింది. "నేనేం చేతులు కట్టుకుని కూర్చున్నానా? కొత్తవి వచ్చే వారం వస్తున్నాయి కదా! అప్పటిదాకా లైను ఆపుకుని..."

మాట సగంలో ఆగిపోయింది. తనేం అన్నాడో అతనికే అప్పుడు వినిపించింది.

ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకున్నాడు. "పాతవి బాగుంటే కొత్తవి దేనికి తెప్పిస్తున్నారు, మేనేజరుగారూ? కానిస్టేబులూ, జీపు మూడున్నరకే బయల్దేరుతుంది. ఎక్కే మనిషి మారాడు, అంతే." తర్వాత వదిన వైపు చూడకుండా, అమ్మాయితో అన్నాడు. "నువ్వు ఇంటికెళ్ళొచ్చమ్మా. మీ అమ్మ గేటు దగ్గర ఉంది."

అమ్మాయి గేటు వైపు చూసింది. కంచె కడ్డీల మధ్య నుంచి తల్లి చెయ్యి ఊపుతోంది. ఇటు నుంచి అమ్మాయి చెయ్యి లేవలేదు.

"పొద్దుటి నుంచీ పంపు నడిచింది కదా సార్," అంది మెల్లిగా. "ఇంతసేపు కారిన గ్యాసు ఒక్క గదిలో ఆగదు. పైపుల కాలువలో దిగుతుంది. ఆ కాలువ హాలు కిందికే పోతుంది."

డబ్బాలు నింపే హాల్లోంచి యంత్రాల చప్పుడు వస్తోంది. డబ్బాలు ఒకదానికొకటి తగులుతూ వరసగా పోతున్న చప్పుడు, మధ్యలో ఎవరో పగలబడి నవ్విన చప్పుడు. ఎనభైమంది ఆడవాళ్ళు. హాలు చివర డబ్బాల అట్టలకి ప్లాస్టిక్ చుట్టే వేడి యంత్రం ఉంది. దాని లోపల తీగలు పొద్దుటి నుంచీ ఎర్రగా కాలుతున్నాయి.

"అక్కడి పిట్టలు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అడుగుతూనే జవాబు అతనికి తట్టింది.

"పచ్చగానే ఉంటాయి," అంది అమ్మాయి. కర్ర చివరి నుంచి తన చిన్న పిట్టని ఊడదీసుకుని, వట్టి కాళ్ళతో హాలు వైపు పరిగెత్తింది. కూపీ వదిన ఆమె వెనకే పరిగెత్తింది. ఇన్‌స్పెక్టర్ బూట్లు విప్పి విసిరేసి ఇద్దరినీ దాటడానికి చూశాడు.

హాలు తలుపు ముందు నేల మీద కాలువకి ఇనుప జాలీ ఉంది. అమ్మాయి వంగి, చేతిలోది దాని మీద ఆనించబోయింది. జాలీ ఇంకా మూరెడు దూరం ఉండగానే అది అరవడం మొదలుపెట్టింది.

*

ఇది రాసింది అందరూ చిన్నక్క అని పిలిచే నేను. నాకిప్పుడు అరవై తొమ్మిదేళ్ళు. మా చెల్లెలి కొడుకు ఇంట్లో, మేడ మీది గదిలో ఉంటున్నాను.